మీ ఆధార్ జిరాక్స్ ఇచ్చే ముందు

తిరుపతిలో ఆధార్ కార్డు బయటికి తీయకుండా రోజు గడవదు. కొండకి వచ్చినవాళ్లకి దర్శనం టోకెన్‌కి కావాలి, గదికి కావాలి, కింద లాడ్జిలో దిగాలన్నా కావాలి. ఊళ్లో ఉండేవాళ్లకి సిమ్ము, గ్యాస్, హాస్టల్, డ్వాక్రా లోను, ప్లాటు రిజిస్ట్రేషన్, దేనికైనా అదే. నాకు శ్రీనివాసం కాంప్లెక్స్‌కి దగ్గర్లో చిన్న జిరాక్స్ షాపు ఉంది. ఆన్‌లైన్ అప్లికేషన్లు కూడా పెడతాను. పొద్దున్నించి రాత్రి దాకా నా చేతుల మీదుగా వెళ్లే కాగితాల్లో ఎక్కువ భాగం ఆధార్, పాన్ నకళ్లే. అవి ఎలా తీసుకెళతారో, ఎక్కడ వదిలేస్తారో రోజూ చూస్తుంటాను కాబట్టి ఇది రాస్తున్నాను.

కొర్లగుంట నుంచి ఒక అక్క వస్తుంటుంది. బ్లౌజులు కుడుతుంది. కొత్త మిషన్ కొనడానికి లోను కోసం బ్యాంకుకి వెళితే, "మీ పేరు మీద ఇప్పటికే ఒక అప్పు ఉంది, కట్టకుండా వదిలేశారు" అన్నారట. ఆమె జీవితంలో ఎక్కడా అప్పు కోసం సంతకం పెట్టలేదు. ఆమె పేరు మీదున్న అప్పుల రిపోర్టు తెప్పించి చూశాం. ఏదో ఫోన్ యాప్ ద్వారా ఇచ్చిన చిన్న అప్పు. పేరు ఆమెదే, పాన్ ఆమెదే. ఫోన్ నంబరు మాత్రం ఎవరిదో, చిరునామా బెంగళూరుది. ఆమె ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు. పాన్ కాపీ ఎక్కడ ఇచ్చావక్కా అంటే, చీటీల దగ్గర, ఫోను వాయిదాల మీద కొన్నప్పుడు, పిల్లాడి స్కాలర్‌షిప్‌కి... చెప్పుకుంటూ పోయింది. ఎక్కడి నుంచి జారిందో ఇప్పటికీ తెలియదు, ఇక తెలియదు కూడా.

అందుకే నా మాట ఒకటే. ఇచ్చిన కాపీని వెనక్కి తెచ్చుకోలేం. ఇచ్చేటప్పుడే అది ఇంకో పనికి పనికిరాకుండా చేయాలి. అంతకుముందే ఇచ్చేసినవాటి కోసం వేలిముద్రకి తాళం వేసుకోవాలి, మన పేరు మీద ఏమేం ఉన్నాయో అప్పుడప్పుడూ తొంగి చూడాలి.

కాపీ మీద ఏం రాయాలి

జిరాక్స్ చేతికి రాగానే పెన్ను తీయండి. కార్డు బొమ్మ మీదుగా అడ్డంగా రాయండి: "ఫలానా లాడ్జిలో గది కోసం మాత్రమే". కింద తేదీ, సంతకం. చాలామంది కాగితం అడుగున ఖాళీ జాగాలో రాస్తారు. దానివల్ల లాభం లేదు. ఆ భాగం మీద తెల్ల కాగితం పెట్టి మళ్లీ జిరాక్స్ తీస్తే మీ రాత మాయమైపోతుంది. అక్షరాలు కార్డు మీద నుంచే పోవాలి, ఫోటోని కూడా తాకాలి. పేరు, నంబరు చదవడానికి వీలుగా ఉంటే చాలు. ఇలా రాసి తీసుకెళ్లినవాళ్లని ఏ ఆఫీసు వాళ్లైనా వెనక్కి పంపారని నేను ఇంతవరకు వినలేదు.

ఇంకొకటి. మా షాపుల్లో అలవాటు కొద్దీ ఆధార్, పాన్ రెండూ ఒకే పేజీలో వేసి ఇచ్చేస్తాం. కస్టమర్‌కి ఒక కాపీ డబ్బు మిగులుతుంది. కానీ ఆ ఒక్క కాగితం దొరికితే మోసగాడికి అప్పు అప్లికేషన్‌కి కావాల్సింది సగానికి పైగా దొరికినట్టే. విడివిడిగా తీయించుకోండి. ఆధార్ అడిగిన చోట ఆధార్ ఒక్కటే ఇవ్వండి. గది ఇచ్చేవాడికి మీ పాన్‌తో పని లేదు.

గుర్తింపు చూపించడం వరకే అవసరమైన చోట మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. అందులో మొదటి 8 అంకెల చోట ఎక్స్ గుర్తులు ఉంటాయి, చివరి 4 అంకెలే కనిపిస్తాయి. మైఆధార్ వెబ్‌సైట్‌లో నంబరు, ఓటీపీ కొట్టి డౌన్‌లోడ్ చేసుకునేటప్పుడు మాస్క్‌డ్ కావాలా అని ఒక గడి ఉంటుంది, దాంట్లో టిక్ పెట్టాలి. వచ్చిన ఫైలుకి పాస్‌వర్డ్ మీ పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, వాటి పక్కనే పుట్టిన సంవత్సరం. ఈ పాస్‌వర్డ్ పద్ధతి దేశంలో అందరికీ తెలిసిందే. కాబట్టి ఫైలుకి పాస్‌వర్డ్ ఉంది కదా అని దాన్ని ఎవరికి పడితే వాళ్లకి వాట్సాప్‌లో పంపకండి.

షాపుకి వచ్చి "అన్నా, వాట్సాప్ చేశాను, ప్రింట్ తీయి" అనేవాళ్లే ఇప్పుడు ఎక్కువ. ప్రింట్ అయ్యాక ఫైలు నా కంప్యూటర్‌లో ఉండిపోతుంది, వాట్సాప్ చాట్‌లో ఉంటుంది, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉంటుంది. నేను ప్రతి రాత్రీ షట్టర్ దించే ముందు అన్నీ తుడిచేస్తాను, రీసైకిల్ బిన్‌తో సహా. అందరూ అలా చేస్తారని చెప్పలేను. అందుకే నిలబడి డిలీట్ చేయించండి. మీ వాట్సాప్‌నే షాపు కంప్యూటర్‌లో తెరిచి ఉంటే, వెళ్లే ముందు ఫోన్‌లో లింక్‌డ్ డివైసెస్‌లోకి పోయి లాగౌట్ చేయండి. మసకగా వచ్చిందని పక్కన పడేసిన కాపీని కూడా అడిగి తీసుకోండి. మొహమాటపడకండి. నిజాయితీగా వ్యాపారం చేసుకునేవాడు దీనికి ఏమీ అనుకోడు.

పాత అప్లికేషన్ల కట్టలు తూకానికి వెళతాయి. అక్కడి నుంచి బజ్జీల బండికి వెళతాయి. ఒకసారి సాయంత్రం నాకు మిరపకాయ బజ్జీలు చుట్టి ఇచ్చిన కాగితం మీద ఒక అమ్మాయి పదో తరగతి మార్కుల జాబితా, వెనక ఆధార్ నంబరు రాసిన ఫారం ఉన్నాయి. ఇంట్లో పాత కాగితాలు అమ్మే ముందు వెతకండి. నంబర్లు ఉన్నవి ముక్కలుగా చించి తడిపి పారేయండి.

వేలిముద్రకి తాళం

ఇది అన్నిటికంటే ముఖ్యమైనది. మన వాళ్లలో దీని గురించి తెలిసినవాళ్లు చాలా తక్కువ.

ఊళ్లలో బ్యాంకు మిత్ర దగ్గరికి వెళ్లి వేలు పెట్టి డబ్బు తీసుకుంటాం కదా, దాన్ని ఏఈపీఎస్ అంటారు. దానికి కార్డు అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, ఓటీపీ రాదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. ముసలివాళ్లకి, చదువు రానివాళ్లకి ఇది పెద్ద సౌకర్యం, అందులో అనుమానం లేదు. కానీ వేలిముద్రని సిలికాన్ మీదకో రబ్బరు మీదకో దింపగలిగినవాడికి కూడా అదే సౌకర్యం. 2018లో తెలంగాణలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోంచి వేలిముద్రలు తీసి, రబ్బరు ముద్రలు చేసి, వాటితో వేల సిమ్ములు యాక్టివేట్ చేసి పట్టుబడ్డాడు. ఆ తర్వాత ఇదే పద్ధతిలో ఖాతాల్లో డబ్బు తీసిన కేసులు మన రాష్ట్రంతో పాటు చాలా చోట్ల బయటపడ్డాయి.

రేణిగుంట వైపు, చంద్రగిరి వైపు ప్లాట్లు కొన్నవాళ్లు, అమ్మేవాళ్లు ఇక్కడ ఆగి చదవండి. ప్లాటు అమ్మాలనుకోగానే బ్రోకర్ "డాక్యుమెంట్ మొత్తం వాట్సాప్ చెయ్యన్నా" అంటాడు. అందులో మీ ఫోటో, వేలిముద్రలు ఉన్న పేజీ ఉంటుంది. వెనక ఆధార్ కాపీ కూడా కుట్టి ఉంటుంది. అది పది గ్రూపుల్లో తిరుగుతుంది. సర్వే నంబరు, హద్దులు, విస్తీర్ణం ఉన్న పేజీలు పంపితే బేరానికి సరిపోతుంది. వేలిముద్రల పేజీ పంపకండి. కొనేవాడు ఖాయమయ్యాక, వాళ్ల లాయరు అడిగితే ఎదురుగా కూర్చుని అసలు దస్తావేజు చూపించండి.

ఇక తాళం ఎలా వేయాలంటే, ఆధార్ యాప్‌లో గాని మైఆధార్ వెబ్‌సైట్‌లో గాని ఓటీపీతో లాగిన్ అయితే "లాక్ బయోమెట్రిక్స్" అని కనిపిస్తుంది. దాన్ని నొక్కి లాక్ చేస్తే మీ వేలిముద్ర, కంటిపాప, ముఖం ఏవీ ఎక్కడా పనిచేయవు. నకిలీ వేలు పెట్టినా మిషన్ 330 అని ఎర్రర్ చూపిస్తుంది. మీకు అవసరం వచ్చినప్పుడు అక్కడే అన్‌లాక్ చేస్తే కొద్ది నిమిషాలు తెరుచుకుని మళ్లీ దానంతట అదే మూసుకుంటుంది. దీనికంతటికీ మీ ఫోన్ నంబరు ఆధార్‌కి లింక్ అయి ఉండాలి. లేకపోతే ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి ఆ పని చేయించుకోండి. ఎన్నో ఏళ్ల కిందటి నంబరు అలాగే ఉంచుకుని, ఆ సిమ్ము వదిలేసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ నంబరు ఇప్పుడు ఇంకెవరికో ఇచ్చి ఉండవచ్చు, మీ ఓటీపీలు వాళ్లకే వెళ్లవచ్చు.

పెద్దవాళ్ల విషయంలో ఒక జాగ్రత్త. ఒకటో తేదీ సచివాలయం వాళ్లు పెన్షన్ ఇవ్వడానికి వచ్చినప్పుడు, రేషన్ తీసుకునేటప్పుడు వేలు పడకపోతే వాళ్లు కంగారుపడిపోతారు. లాక్ వేసిన అబ్బాయేమో హైదరాబాద్‌లో ఉంటాడు. ఓటీపీ అమ్మ దగ్గరున్న ఫోన్‌కి వస్తుంది. కాబట్టి ఇంట్లో ఎవరు తెరుస్తారో ముందే మాట్లాడుకోండి. అది కుదరదంటే, బ్యాంకుకి వెళ్లి ఆ ఖాతాకి ఏఈపీఎస్ ఆపమని రాసివ్వండి. లేదా పెన్షన్ ఖాతాలో అవసరమైనంతే ఉంచి, మిగతాది ఆధార్‌తో డబ్బు తీయడానికి వీల్లేని ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టండి.

అదే వెబ్‌సైట్‌లో "ఆథెంటికేషన్ హిస్టరీ" అని ఉంటుంది. గత 6 నెలల్లో మీ ఆధార్‌ని ఎవరెవరు ఎప్పుడు వాడారో కనిపిస్తుంది. మీరు ఇంట్లో నిద్రపోతున్న టైముకి వేలిముద్ర పడినట్టుంటే వెంటనే ఆధార్ హెల్ప్‌లైన్ 1947కి ఫోన్ చేయండి.

ఆధార్ ఓటీపీ గురించి కూడా ఒక మాట. అది కొన్ని చోట్ల మీ సంతకంతో సమానం. ఆన్‌లైన్‌లో లోను ఒప్పందం మీద డిజిటల్ సంతకం ఆ ఓటీపీతోనే పడుతుంది. నా షాపులో కూడా ఓటీపీ వస్తే కస్టమర్‌నే చదవమంటాను, అదెందుకు వచ్చిందో మెసేజ్‌లో ముందు ఏం రాసి ఉందో చూసి చెప్పమంటాను. సర్టిఫికెట్ కోసం వచ్చి, ఓటీపీ మెసేజ్‌లో ఏ ఫైనాన్స్ పేరో కనిపిస్తే చెప్పకండి, అక్కడి నుంచి లేచి రండి.

మీ పేరు మీద ఏ అప్పు ఉంది

"ఏం సామీ, నేను అప్పే తీసుకోను, నాకెందుకు సిబిల్?" అని అడుగుతుంటారు. అప్పు తీసుకోనివాళ్లే చూసుకోవాలి. తీసుకునేవాడికి బ్యాంకు చెబుతుంది. తీసుకోనివాడికి ఏళ్ల తరబడి తెలియదు.

మన దేశంలో అప్పుల చరిత్ర రాసిపెట్టే కంపెనీలు నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కొక్కటీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. నాలుగూ ఒకే రోజు తీసేయకండి. జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి, జూలైలో ఒకటి, అక్టోబర్‌లో ఒకటి తీస్తే, పైసా ఖర్చు లేకుండా ఏడాదంతా కాపలా ఉన్నట్టే. ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోనే తీయండి. ఉచితంగా స్కోరు చూపిస్తామనే వేరే యాప్‌లకి పాన్ ఇస్తే ఆ మరుసటి రోజు నుంచి లోన్ల ఫోన్లు మొదలవుతాయి.

రిపోర్టులో అందరూ 300 నుంచి 900 మధ్య ఉండే స్కోరు ఒక్కటే చూసి మూసేస్తారు. కిందికి వెళ్లండి. అకౌంట్ల జాబితాలో తెలియని పేరుందా? ఫోన్ నంబర్లు, చిరునామాల్లో మీవి కానివి ఉన్నాయా? చివర్లో ఎంక్వైరీలు అని ఉంటుంది, అంటే మీ పేరు మీద అప్పు కోసం ఎవరెవరు అడిగారో అది. దొంగ ముందు కనిపించేది అక్కడే. అప్పు మంజూరు కాకముందే తెలియని ఫైనాన్స్ పేరు ఎంక్వైరీల్లో కనిపిస్తే, నష్టం జరగకముందే పట్టుకున్నట్టు. మీ రిపోర్టు ఎవరైనా తీస్తే మీకు మెసేజ్ పంపాలని కూడా రూలుంది. ఆ మెసేజ్‌లని ప్రకటనలనుకుని తీసేయకండి.

కొర్లగుంట అక్కకి ఏం చేశామో చెబుతాను. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి నంబరు తీసుకున్నాం. ఆ తర్వాత అప్పిచ్చిన కంపెనీకి ఈమెయిల్: ఈ అప్పు నాది కాదు, ఏ ఫోన్ నంబరుతో, ఏ ఫోటోతో, ఏ బ్యాంకు ఖాతాకి డబ్బు పంపారో చూపించండి అని. డబ్బు పడిన ఖాతా ఆమెది కాదని తేలితే వాదనకి తావే లేదు. ఈ ప్రశ్న తప్పకుండా అడగండి. మూడోది, రిపోర్టు ఇచ్చిన క్రెడిట్ కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ అకౌంట్ మీద డిస్ప్యూట్, అంటే ఇది తప్పని అభ్యంతరం, పెట్టాం. 30 రోజుల్లో తేల్చాలి. దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2023లో ఆదేశించింది, 2024 ఏప్రిల్ నుంచి అది అమల్లో ఉంది. కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో రాయవచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, లాయరు అక్కర్లేదు. రిజర్వ్ బ్యాంకు నంబరు 14448కి ఫోన్ చేస్తే తెలుగులోనే చెబుతారు. ఆమె రిపోర్టు నుంచి ఆ అప్పు పోయింది. మిషన్ వచ్చింది.

మధ్యలో వసూలు వాళ్లు ఆమెని బాగా భయపెట్టారు. "చిన్న మొత్తమే కదమ్మా, సెటిల్ చేసెయ్, గొడవ పోతుంది" అన్నారు. ఒక్క రూపాయి కూడా కట్టవద్దని గట్టిగా చెప్పాను. కడితే అప్పు మీదేనని ఒప్పుకున్నట్టవుతుంది, పైగా రిపోర్టులో "సెటిల్డ్", అంటే పూర్తిగా కట్టకుండా రాజీ పడ్డారని, పడి స్కోరు పాడవుతుంది. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదు. చేస్తే ఆ ఫోన్ వచ్చిన టైము స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదుకి జత చేయండి. "సిబిల్ బాగు చేస్తాం" అని గోడల మీద, వాట్సాప్‌లో ప్రకటనలు ఇచ్చేవాళ్ల దగ్గరికి కూడా పోవద్దు. మీరే ఉచితంగా చేసుకోగలిగిన పనికి డబ్బు తీసుకుంటారు, మీ కాగితాల సెట్టు మొత్తం వాళ్ల దగ్గర ఉండిపోతుంది.

సిమ్ములు, ఖాతాలు, ఇంకొన్ని

సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో మీ నంబరు, ఓటీపీ కొడితే మీ పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో చూపిస్తుంది. మన రాష్ట్రంలో ఒక మనిషికి 9 వరకు ఉండొచ్చు. మీది కాని నంబరు పక్కన "నాట్ మై నంబర్" నొక్కండి. ఆ సిమ్ముతో ఎవడో మోసం చేస్తే పోలీసులు ముందు వచ్చేది మీ ఇంటికే.

పాన్ విషయంలో, జీఎస్టీ వెబ్‌సైట్‌లో పాన్‌తో వెతికే సదుపాయం అందరికీ ఉంది. మీ పేరు మీద తెలియని వ్యాపారం రిజిస్టర్ అయి ఉంటే అక్కడ బయటపడుతుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో ఏఐఎస్ అని ఉంటుంది, మీ పాన్ మీద ఆ ఏడాది నమోదైన ఆదాయం, లావాదేవీల జాబితా అది. ఏడాదికోసారి అది కూడా చూడండి.

హాస్టళ్లలో ఉండే పిల్లలకి ఒక మాట. యూనివర్సిటీ చుట్టుపక్కల చదువుకునే పిల్లలు నా షాపుకి చాలామంది వస్తారు. "అకౌంట్ ఓపెన్ చేసి, ఏటీఎం కార్డు, సిమ్ము ఇస్తే నెలకి ఇంత ఇస్తాం" అని ఎవరైనా అంటే అస్సలు ఒప్పుకోవద్దు నాయనా. ఆ ఖాతాలోకి వచ్చేది ఎక్కడో ఎవరో పోగొట్టుకున్న డబ్బు. కేసు మీ పేరు మీదే పడుతుంది. వేరే రాష్ట్రం పోలీసుల నోటీసు వస్తుంది, మీ ఖాతాలు ఆగిపోతాయి, ఉద్యోగానికి వెరిఫికేషన్‌లో అడ్డం పడుతుంది. ఇంట్లో చెప్పడానికి భయపడి దాచుకుంటే ఇంకా మునుగుతారు. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఈరోజే బ్యాంకుకి వెళ్లి ఆ ఖాతా ఆపమని రాసివ్వండి, మీరే సైబర్ పోలీసులకి చెప్పండి.

డబ్బు పోయిందని తెలిస్తే

ముందు 1930. ఆ తర్వాతే బంధువులు, స్నేహితులు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి నిమిషాల్లో మారిపోతుంది. ఎంత త్వరగా ఫోన్ చేస్తే మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఫోన్ చేసేటప్పుడు లావాదేవీ నంబరు, టైము, మొత్తం చేతిలో ఉంచుకోండి. ఆ వెంటనే బ్యాంకు హెల్ప్‌లైన్‌కి చెప్పి ఖాతా ఆపించి, వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరు రాసుకోండి.

బ్యాంకుకి చెప్పడంలో ఆలస్యం చేయకూడదనడానికి ఇంకో కారణం ఉంది. 2017 జూలైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన నిబంధన ప్రకారం, మీ తప్పు గాని బ్యాంకు తప్పు గాని లేకుండా మూడోవాళ్ల వల్ల డబ్బు పోయినప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన 3 పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే మీ నష్టం సున్నా. 4 నుంచి 7 పనిదినాలైతే కొంత మీ మీద పడుతుంది. ఫిర్యాదు చేసిన 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో వేయాలి. నకిలీ వేలిముద్రతో డబ్బు పోయినవాళ్లు ఈ నిబంధనని పేరు పెట్టి రాయండి. ఓటీపీ మీరే చెప్పి ఉంటే మాత్రం, బ్యాంకుకి తెలియజేసే దాకా పోయిన డబ్బు నష్టం మీరే భరించాలి.

ఫిర్యాదు నోటితో చెప్పి రాకండి. రెండు కాపీలు రాయండి, ఒకదాని మీద బ్రాంచి ముద్ర, తేదీ వేయించుకుని తెచ్చుకోండి. పోలీస్ స్టేషన్‌లో ఇచ్చేటప్పుడు, మీ గుర్తింపుని వేరేవాళ్లు వాడారని స్పష్టంగా రాసి, ఐటీ చట్టంలోని 66సీ సెక్షన్‌ని ప్రస్తావించండి. దాని కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంది. 1930లో ఇచ్చిన నంబరు, బ్యాంకు నంబరు, డిస్ప్యూట్ నంబరు మూడూ ఒకే కాగితం మీద రాసి ఫైల్లో పెట్టుకోండి. తర్వాత ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది అవే.